ఎడంచేతి ఎలుగు

నా కుడిచెంప మీద ఒక గాటు ఉంది. దవడ కింద మొదలై, పైకి పాకి, కంటి కిందకి వచ్చేసరికి అలిసిపోయినట్టు ఆగిపోతుంది. దాని సంగతి అడగని మనిషిని నేనింతవరకు చూడలేదు. అడిగినవాళ్లని ఉత్తచేతులతో పంపిన పాపమూ నాకు లేదు. ఎలుగు కథ చెప్పి పంపేవాణ్ణి.

కొండదారిన తేనెకుండ నెత్తిన పెట్టుకుని వస్తున్నాను. ఎదురుగా ఎలుగు. దారి సన్నం. నువ్వు తప్పుకోమంటే నువ్వే తప్పుకోమన్నట్టు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. మాటా మాటా పెరిగింది. అది ఒకటిచ్చింది, నేను రెండిచ్చాను. నా చెంప చీరుకుపోయింది, దాని పరువు పోయింది. ఆనాటి నుంచి ఆ కొండ మీద ఏ ఎలుగు ఎదురైనా పిల్లల్ని పక్కకి లాక్కుని నాకు దారిస్తుంది. ఇదీ కథ. మొదట్లో ఎలుగు నా భుజాల దాకా ఉండేది. పదేళ్లకి నా తల దాటింది. మనవరాలు పుట్టేనాటికి దాని వీపు ఇంటి చూరుకి రాసుకునేది. కథల్లో జంతువులకి మేత బాగా దొరుకుతుంది.

ఆ కథ చచ్చిపోయిన వానాకాలం గురించి ఇప్పుడు చెబుతాను. చెప్పడం నాకు సరదాగా లేదు. అయినా చెబుతాను.

మా ఇంటి ముందుగది దర్జీ దుకాణం. అక్కడ నా కొడుకూ, అతని కుట్టుమిషనూ ఉంటారు. వెనకగది నాది. మధ్యలో వంటగది, కోడలిది. కొడుకు నాతో మాట్లాడడని కాదు. కొలిచి కత్తిరించినట్టు మాట్లాడతాడు. "మందు వేసుకున్నావా నాన్నా?" "వేసుకున్నా." ఆ రోజుకి అంతే గుడ్డ. కోడలు నా కథలకి నవ్వుతుంది గానీ చేతిలో పని ఆపదు. నేను నోరు తెరిస్తే చేతిలోది కింద పడేసి వచ్చి కూర్చునే ప్రాణి ఆ ఇంట్లో మనవరాలొక్కతే.

దాన్ని పిట్ట అని పిలుస్తాను. మా ఊరి బడిపంతులికి చూపానక వారం రోజులు మేకలకి హాజరు వేశాడనీ, అందులో ఒక మేక మూడోతరగతి పాసయిందనీ, నేను తప్పాననీ చెప్పినప్పుడు, "ఆ మేక ఇప్పుడేం చేస్తోంది తాతా?" అని అడిగిన పిల్ల అది. అప్పుడు దానికి ఆరేళ్లు. ఇరవై ఏళ్లొచ్చి బొమ్మల కాలేజీలో చదువుతున్నా, సెలవురోజు పొద్దున్నే వచ్చి మేక క్షేమం కనుక్కునేది. మేకని అది నమ్మిందని నేననను. ఎలుగుని మాత్రం నమ్మింది. సాక్ష్యం నా మొహం మీదే ఉంది మరి. ముసలివాడికి కర్ర ఎంతో, నాకా నమ్మకం అంత.

ఆ ఏడు దానికి మూడో సంవత్సరం. పరీక్షకి ఒక మనిషి మొహం గీయాలి. వానలకి కాలేజీ పైకప్పు కారి, కాన్వాసుల మీద నీళ్లు పడుతుంటే, మాస్టారు ఎవరి ఇంట్లో వాళ్లు గీసుకోండని పంపేశాడు. మూడు వారాలు గడువు. ఆ తర్వాత ప్రదర్శన.

"తాతా, మూడు వారాలు కదలకుండా కూర్చోవాలి నువ్వు."

"కదలకుండా పడుండే రోజు ఎంతో దూరం లేదులేవే. అప్పుడు తీరిగ్గా గీసుకో."

"అప్పుడు మాట్లాడవుగా. నాకు మాట్లాడే మొహం కావాలి."

నా గదిలో కిటికీ పక్కన స్టూలు వేసింది. వాళ్ల నాన్న దగ్గర్నుంచి గుడ్డల మీద గీత పెట్టే సుద్దబిళ్ల తెచ్చి, స్టూలు కాళ్ల చుట్టూ గీసింది. తర్వాత నా పాదాల చుట్టూ గీసింది. రేపొచ్చి మళ్లీ ఇక్కడే, ఇలాగే కూర్చోవాలట.

"దొంగ దొరికినచోట పోలీసులు గీసినట్టు గీశావేమే?"

"దొంగవి కాకపోతే భయమెందుకు? గడ్డం కొంచెం ఎత్తు."

ఎడంచేత్తో కుంచె పట్టుకుంది. దానిది పుట్టుకతోనే ఎడంచేతి వాటం. చిన్నప్పుడు బళ్లో టీచరు చెయ్యి మార్పించమని కబురు చేస్తే, నా కొడుకు పట్టపగలు దుకాణం మూసి బడికి వెళ్లాడు. అక్కడ ఏమన్నాడో నాకు తెలియదు. ఆ తర్వాత ఆ చేతి జోలికి ఎవరూ రాలేదు. నేనూ ఏదో హాస్యానికి తప్ప వెళ్లలేదు.

"ఎడంచేత్తో గీస్తున్నావు, నా మూతి వంకరగా వస్తుందేమో చూసుకో" అన్నాను.

ముందుగదిలో మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. దారం తెగి ఉంటుందనుకున్నాను. నిజానికి అలా అనుకోలేదు, అనుకున్నవాడిలా కూర్చున్నాను. గడ్డం ఎత్తి పెట్టమంది కదా.

మొదటి వారం బాగా గడిచింది. బయట వాన, లోపల టర్పెంటైన్ వాసన, నా నోట్లో మేకలు. బొమ్మలో ముందు చెవులు కుదిరాయి. నాకన్నా అవే పెద్దమనుషుల్లా ఉన్నాయి. తర్వాత నుదురు, ముక్కు, కళ్లు. దుకాణంలో జనం తొడుక్కుని చూసుకునే నిలువుటద్దం తెచ్చి నా మంచానికి ఆనించింది. గంటకోసారి బొమ్మకి వీపు తిప్పి, దాన్ని అద్దంలో చూసేది. అలా చూస్తే తప్పులు బయటపడతాయట.

"మాస్టారు ఏమన్నారో తెలుసా తాతా? పోలిక తేవడం గొప్ప కాదు, అద్దం కూడా తెస్తుంది అన్నారు. మొహం మీద ప్రతి గీతకీ ఒక కారణం ఉంటుందట. అది తెలిస్తేనే గీత కూర్చుంటుందట. తెలియకుండా గీస్తే అతికించినట్టు ఉంటుందట."

"నా నుదుటి మీద మూడు గీతలకీ కారణం మీ నాయనమ్మ. రాసుకో."

"నిజంగా చెబుతున్నా."

"నేనూ నిజమే చెబుతున్నా. మీ మాస్టారికి గడ్డం ఉందా?"

"ఉంది. ఇంత."

"సగం మొహం దాచుకున్నవాడు మొహాల గురించి పాఠం చెప్పడమేమిటే?"

పడీపడీ నవ్వింది. నవ్వు ఆపుకుని, కుంచె గుడ్డకి తుడుస్తూ, నాతో కాదన్నట్టు మెల్లగా అంది: "ఇన్నేళ్లూ నిన్ను విన్నాను తాతా. చూడలేదు. అది వేరే పని. వింటున్నప్పుడు నువ్వెటు తీసుకెళితే అటొస్తాను. చూస్తున్నప్పుడు నువ్వు చెప్పకుండా దాటేసిన చోట ఆగిపోతున్నాను."

ఏం చదువమ్మా ఇది అనుకున్నాను. మా బళ్లో మేకలకి కూడా ఇంత చెప్పలేదు.

రెండో వారం గాటు దగ్గరికి వచ్చింది. అక్కడ బండి దిగబడింది. వేస్తుంది, అద్దంలో చూస్తుంది, కత్తితో రంగు గీకేస్తుంది. మర్నాడు మళ్లీ అంతే. "చెంప మీద దారప్పోగు అతుక్కున్నట్టుంది, చర్మంలోకి దిగట్లేదు" అని విసుక్కుంది. అన్నం కూడా సరిగా తినడం లేదని కోడలు నా మీద కేకలేసింది. "మావయ్యగారూ, ఆ దెబ్బేదో ఇంకాస్త తేలిగ్గా తగిలించుకుని ఉండకూడదూ?"

మూడోసారి గీకేసిన రోజు పిట్ట స్టూలు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎలుగు కథ మళ్లీ చెప్పు తాతా. ఎటు నుంచి కొట్టింది?"

"పై నుంచి. చూరంత ఎలుగు కదా."

ఒక కన్ను మూసింది. చెయ్యి బారుగా చాపి, కుంచె కాడ నా చెంపకి అడ్డంగా పెట్టి, బొటనవేలి గోరుతో కొలత తీసుకుంది. వాళ్ల నాన్న గుడ్డ కొలిచేటప్పుడు పెట్టే మొహమే పెట్టింది.

"పై నుంచి పడితే గాటు పైన లోతుగా ఉండి కిందకి సన్నబడాలి. నీది కింద లోతు, పైకి పోయేకొద్దీ సన్నం. ఇది కింద నుంచి వచ్చింది."

"ఎలుగు వంగి ఉందిలే."

"ఎందుకు వంగింది?"

"కుండ పగిలి తేనె కింద పడింది. నాకుతోంది."

నవ్వింది. కానీ కుంచె దించలేదు. నా కథకి నవ్వుతూ కూడా చేతిలోది కింద పెట్టకపోవడం అదే మొదటిసారి.

"సరే, నేనే ఎలుగు. కదలకు." స్టూలు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఇక్కడ తేనె. నువ్వు నా మీదకి వంగావు. నేను ఇట్లా లేచి..."

కుంచె పట్టుకున్న చెయ్యి కింద నుంచి పైకి విసిరింది. నా దవడకి వెంట్రుకవాసిలో ఆపింది. కుంచె కాడ గాటు మీద, మొదటి నుంచి చివర దాకా, ఒరలో కత్తిలా సరిపోయింది.

"కుదిరింది!" అంది. తర్వాత తన చేతి వంక చూసుకుంది. "ఎలుగుది ఎడంచేతి వాటమా తాతా?"

హాస్యానికే అడిగింది. ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పుడు మొహం మీద నవ్వు ఉంది. మాట పూర్తయ్యేసరికి లేదు.

గుమ్మంలో నా కొడుకు నిలబడి ఉన్నాడు. మెడలో టేపు వేలాడుతోంది. మోకాళ్ల మీద ఉన్న కూతుర్ని చూశాడు. పైకెత్తిన ఆ ఎడంచేతిని చూశాడు. దానికి ఆనుకుని ఉన్న నా చెంపని చూశాడు.

"సుద్ద కావాలమ్మా. చొక్కా ఒకటి అర్జంటు" అన్నాడు.

పిట్ట కదల్లేదు. అతనే వచ్చి, వంగి, నా పాదం పక్కనున్న సుద్దబిళ్ల తీసుకున్నాడు. కుడిచేత్తోనే తీసుకున్నాడు. వెళ్లిపోయాడు. అర్జంటన్నాడు గానీ మిషను చాలాసేపు చప్పుడు చెయ్యలేదు.

"అమ్మ పిలుస్తోంది" అని పిట్ట లేచింది. ఎవరూ పిలవలేదు.

నిజం చిన్నది. నా కొడుక్కి అప్పుడు ఎనిమిదేళ్లు. ఎడంచేత్తో రాసేవాడు. ఎడంచేత్తో రాసేవాణ్ణి నా చిన్నప్పుడు మా పంతులు బెంచీ ఎక్కించేవాడు. మొద్దుబారిన ఆ చదువే నాకు తెలుసు. తువ్వాలుతో వాడి ఎడంచెయ్యి బల్లకాలికి కట్టేసి కుడిచేత్తో రాయించాను. ఒక రోజు కాదు, ఒక వేసవంతా. అక్షరం వంకరపోతే స్కేలు తిరగేసి వేళ్ల కణుపుల మీద కొట్టాను. ఒకరోజు తువ్వాలు ఊడింది. నేలమీద కూర్చున్న వాడి మీదకి వంగి ఉన్నాను, స్కేలు ఎత్తి. వాడి చేతికి పగిలిన పలక దొరికింది.

నెత్తురు చూసి ఇరుగుపొరుగు వచ్చారు. వాడు మూల నిలబడ్డాడు, పలక చేతిలోనే ఉంది. "ఏమయిందండీ?" అన్నారు. "ఎలుగు" అన్నాను. అందరూ నవ్వారు. తండ్రిని కొట్టినవాడన్న పేరు పడకుండా పిల్లవాణ్ణి కాపాడానని నాకు నేను చెప్పుకున్నాను. పలక సంగతి చెబితే తువ్వాలు సంగతీ చెప్పాలి కదా. దాన్ని మాత్రం చెప్పుకోలేదు.

ఆ మర్నాటి నుంచి వాడు తనంతట తనే కుడిచేత్తో రాశాడు. గెలిచాననుకున్నాను. ఆ తర్వాత ఇంటికి చుట్టమొచ్చిన ప్రతిసారీ, నలభై ఏళ్ల పాటు, వాడి ఎదురుగానే ఆ కథ చెప్పాను. కథలోకి ఎలుగు వచ్చేసరికి వాడు లేచి ఏ బొత్తామో వెతుక్కుంటూ వెళ్లిపోయేవాడు. ఇంటి చూరు తగిలే ఎలుగన్నానా? నిజం ఎలుగు నా నడుం దాకా కూడా రాదు.

పిట్ట వాళ్ల నాన్నని అడిగిందో లేదో నాకు తెలియదు. నన్ను మాత్రం అడగలేదు. మర్నాడు వచ్చింది. సుద్దగీతల్లో నా కాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంది. పని మొదలుపెట్టింది.

"ఆ మేక ఉంది చూశావూ," అన్నాను, "హెడ్మాస్టరయిందటే."

"తల కదపకు తాతా."

ఆ రోజు గాటు ఒక్క పట్టున కూర్చుంది. గీకలేదు, అద్దంలో చూడలేదు. మిగిలిన వారమంతా గదిలో వాన చప్పుడే వినిపించింది. మాట్లాడే మొహం కావాలన్న పిల్ల, మాట్లాడని మొహాన్ని గీసి పూర్తి చేసింది.

ప్రదర్శన రోజున అందరం వెళ్లాం. కొడుకు దుకాణం మూశాడు. నా ఎరుకలో అది రెండోసారి. హాలు గోడల నిండా మొహాలే. నాది కిటికీ పక్కన పెట్టారు. దూరం నుంచి చూసి, ఎవరో ముసలివాడు, బాగా నవ్వించేవాడిలా ఉన్నాడనుకున్నాను. దగ్గరికి వెళితే నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయి ఉంది. పైన కళ్లు, ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని, ముందే జవాబు సిద్ధం చేసుకుని చూస్తున్నాయి. నా కళ్లు అలా ఉంటాయని డెబ్భై ఏళ్లు దాటేదాకా నాకెవరూ చెప్పలేదు.

గడ్డం మాస్టారు పిల్లల్ని వెంటేసుకుని వచ్చాడు. నిజంగానే ఇంత గడ్డం.

"ఈ గాటు చూడండర్రా. ఇది రంగు కాదు, జరిగిన సంగతి" అన్నాడు. నా వైపు తిరిగాడు. "ఎలా తగిలింది తాతగారూ?"

అందరూ మూగారు. కోడలు పక్కన నిలబడి అప్పుడే నవ్వడానికి సిద్ధమవుతోంది. పిట్ట బొమ్మ పక్కనే ఉంది, చేతులు కట్టుకుని. తలుపు దగ్గర నా కొడుకు ఉన్నాడు. ఎప్పుడూ ఈపాటికి బొత్తాలు వెతకడానికి పోయేవాడు. ఆ రోజు పోలేదు. నిలబడి నా నోటి వంకే చూస్తున్నాడు.

చెబుదామనే నోరు తెరిచాను. గానుగెద్దుకి కట్టు విప్పినా తిరిగిన దారే తిరుగుతుంది.

"కొండదారిన వస్తున్నానండీ, నెత్తిన తేనెకుండ..."

అంత బాగా ఆ కథ ఎప్పుడూ చెప్పలేదు. మాస్టారి గడ్డం ఊగిపోయింది. పక్క గోడ దగ్గరి జనం కూడా వచ్చి చేరారు. చివరికొచ్చేసరికి మాత్రం రోజూ ఉండే ముగింపు నోటికి రాలేదు.

"తప్పు ఎలుగుది కాదండీ" అన్నాను. "దాని మానాన అది ఉంటే, నేనే వెళ్లి దాని చెయ్యి పట్టుకున్నాను."

"ఎలుగు చెయ్యి పట్టుకున్నారా!" అని ఒక పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. అన్నిటికన్నా దానికే ఎక్కువ నవ్వారు.

తలుపు దగ్గర చూశాను. కొడుకు అటు తిరిగి బల్ల మీదకి వంగి ఉన్నాడు. వచ్చినవాళ్లు అభిప్రాయం రాయడానికి అక్కడొక పుస్తకం పెట్టారు. ఏదో రాస్తున్నాడు. భుజం ఎత్తు తేడాగా ఉందేమిటా అనుకున్నాను. తర్వాత తెలిసింది, కలం ఎడంచేతిలో ఉంది.

వాళ్లు గొడుగుల కోసం వెళ్లాక ఆ బల్ల దగ్గర ఆగాను. రెండోతరగతి పిల్లవాడి దస్తూరీ. ఒక్కో అక్షరం రేగుపండంత. రాస్తున్న చెయ్యి తడి సిరా మీద నుంచే పోవడంతో ప్రతి మాటా పక్కకి అలుక్కుపోయి ఉంది. అయినా చదవగలిగాను.

"మా అమ్మాయి ఉన్నది ఉన్నట్టు గీసింది."

బయట మెట్ల మీద వాన జోరుగా ఉంది. పిట్ట నా కోసం ఆగి ఉంది. నన్ను చూసి అంది, మెల్లగానే:

"ఇప్పుడు కూడా ఎలుగేనా తాతా?"

"చివర్లో చెప్పాను కదే..."

"విన్నాను."

గొడుగు విప్పి, వెళ్లి వాళ్ల నాన్న మీద పట్టింది. నేనూ కోడలూ ఇంకో గొడుగులో నడిచాం. "ఇవాళ కథ భలే చెప్పారు మావయ్యగారూ" అంది కోడలు. దానికేం తెలుసు.

వానలు వెనకబట్టాక పిట్ట కాలేజీ దగ్గర స్నేహితురాళ్లతో గది తీసుకుంది. ఆదివారాలు వస్తుంది. నా మందులు అయిపోయాయేమో చూస్తుంది, గోళ్లు తీస్తుంది, కళ్లజోడు తుడిచి పెడుతుంది. దేనికీ లోటు చెయ్యదు. మేక సంగతి మాత్రం అడగదు. ఒకసారి ఉండబట్టలేక, "మేక రిటైరయిందే" అన్నాను. "ఊఁ" అంది.

బొమ్మ ఇంటికి వచ్చింది. నా గదిలో పెడతారనుకున్నాను. కొడుకు తనే మేకు కొట్టి దుకాణంలో తగిలించాడు, నిలువుటద్దానికి ఎదురుగోడ మీద. ఈమధ్య వెనకగదిలో గాలి ఆడక నేను పగలంతా దుకాణంలోనే కూర్చుంటున్నాను. చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకునేవాడికి వెనక గోడ మీది నా మొహం కూడా కనిపిస్తుంది. వెనక్కి తిరిగి బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూస్తాడు.

"చెంప మీద అదేమిటండీ?" అని నా కొడుకుని అడుగుతాడు.

"ఆయన్నే అడగండి" అంటాడు వాడు, గుడ్డ మీద నుంచి తల ఎత్తకుండా.

అప్పుడు నన్ను అడుగుతాడు. మిషను ఆగుతుంది.

"పాత దెబ్బండీ" అంటాను.

ఇంకేమైనా అంటానేమోనని మిషను కాసేపు ఆగే ఉంటుంది. తర్వాత మళ్లీ మొదలవుతుంది.